ఎండపొడకు అతుక్కున్న కప్పు

మా తమ్ముడి పేరు మిస్‌బాహ్. మిస్‌బాహ్ అంటే దీపం. మా నాన్న ఏ నోటితో ఆ పేరు పెట్టాడో గాని వాడి బతుకంతా దీపాల చుట్టూనే తిరిగింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కరెంటు ఆఫీసులో మీటర్లు చదివాడు. రిటైరయ్యాక చదవడానికి మీటర్లు లేక ఇంటిని చదవడం మొదలుపెట్టాడు. పంపు ఎందుకు కారుతోంది, నిన్నటి రొట్టె ఏమైంది, ఈ గరిటె నిన్న ఆ మేకుకి గదా ఉంది, ఇవాళ ఈ మేకుకి ఎందుకుంది.

మా మరదలి పేరు ఇన్సాఫ్. అంటే న్యాయం. ఆ న్యాయం కోసం ఆమె రోజూ మెట్లు దిగి, కింద వాటాలో ఉండే నా దగ్గరికి వచ్చేది.

"వదినా, మీ తమ్ముణ్ణి మళ్ళీ ఆఫీసులో చేర్చుకోమని ఎవరితోనన్నా చెప్పించండి. జీతం ఇవ్వకపోయినా పర్లేదు. పొద్దున్నే తీసుకెళ్ళి సాయంత్రం ఇంటి దగ్గర వదిలేస్తే చాలు."

"వాణ్ణి పెంచింది నేనే గదే. అప్పుడే వద్దనుకుని నీకు అంటగట్టాం. ఇప్పుడు వెనక్కి ఎవరు తీసుకుంటారు," అనేదాన్ని.

వాడికి లేక లేక కలిగిన కూతురు సుందుస్. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. కొండ మీది మా ఊరు ఐన్ తీనాలో బస్టాండు పక్కన కోళ్ళగూడంత కొట్టులో ఫోన్లు బాగుచేసే వద్దాహ్ అనే కుర్రాడంటే ఆ పిల్లకి ఇష్టం. పగిలిన ఫోను తీసుకెళ్ళి అతని చేతికిచ్చిందట. అద్దం అతుక్కుంది, మనసూ అతుక్కుంది. ఈ సంగతి ఆ పిల్ల ముందు నాకు చెప్పింది, నేను ఇన్సాఫ్‌కి చెప్పాను, ఇన్సాఫ్ మిస్‌బాహ్‌కి చెప్పింది. వాడు కొండెక్కి కూర్చున్నాడు.

"ఫోను అద్దాలు అతికించేవాడికా నా కూతురు? ఇర్బిద్‌లో ఇంజనీర్లందరూ చచ్చిపోయారా?"

అంతే. తండ్రీ కూతుళ్ళకి మాటలు తెగిపోయాయి. తిండి దగ్గర కూడా "అమ్మా, ఉప్పు ఆయన దగ్గరుంది" అని సుందుస్, "దానికి ఉప్పు కావాలట" అని వాడు. పక్కపక్కన కూర్చుని ఇద్దరూ నా మరదల్ని పోస్టాఫీసు చేశారు.

ఆ ఎండాకాలంలోనే వాడి చదువుకునే కళ్ళద్దాల కాడ విరిగింది. దారం కట్టుకుని, ముక్కు మీద వంకరగా పెట్టుకుని తిరుగుతున్నాడు. ఒకరోజు సుందుస్ బడి నుంచి వచ్చి, ఒక పెన్ను లాంటిది వాడి ముందు పెట్టి, "అమ్మాన్‌లో ఫ్రెండు పంపింది," అని గోడతో చెప్పినట్టు చెప్పి లోపలికి పోయింది. ఆ పెన్నుకి ఒక కొసన జిగురు, రెండో కొసన చిన్న ఊదారంగు దీపం.

ఆ జిగురు తీరే వేరు. మామూలు జిగురు మూత తీసిన దగ్గర్నుంచి మనల్ని తొందరపెడుతుంది. వేళ్ళు ముందు అంటుకుంటాయి, వస్తువు ఆనక. ఇది అలా కాదు. చీకట్లో ఉన్నంతసేపూ పల్చటి తేనెలా పడి ఉంటుంది. తుడిస్తే పోతుంది, జరిపితే జరుగుతుంది. ఆ ఊదా దీపం చూపించామా, గుటక వేసేలోగా రాయి. ఎండ తగిలినా అంతే. మిస్‌బాహ్ కళ్ళద్దాల కాడకి ఒక బొట్టు పెట్టి దీపం చూపించాడు. లాగి చూశాడు. మళ్ళీ లాగి చూశాడు. తరవాత, నెలల తరబడి ఎత్తని మాట ఎత్తాడు.

"సుందుస్, ఇలా రా. ఇది చూడు."

అదీ ఆ జిగురు చేసిన మొదటి అతుకు.

తరవాత ఆ ఇంట్లో విరిగిన వస్తువు మిగల్లేదు. రిమోటు మూత, ఫ్రిజ్‌లో కూరల అర, దొడ్లో చెంబు ముక్కు, ఇన్సాఫ్ చెప్పు పట్టీ. విరగనివి కూడా ముందుజాగ్రత్తగా అతికించేవాడు. జేబులో ఆ పెన్ను, ముఖంలో తుపాకీ దొరికిన పోలీసు కళ. నా పళ్ళసెట్టు కొద్దిగా చీలిందని తెలిసి, దీపం వెలిగించుకుని కిందికి దిగొచ్చాడు.

"నోరు తెరువక్కా. పళ్ళ డాక్టరు వాడేదీ ఇలాంటి దీపమే."

"నా నోట్లో దీపం పెట్టావంటే నీ నోట్లో చెప్పు పెడతాను. పైకి పో."

ఒక్క చోట దెబ్బతిన్నాడు. చెక్క కుర్చీ కాలు ఊడితే దానికీ ఆ జిగురే పెట్టాడు. చెక్కకీ చెక్కకీ మధ్యకి దీపం ఎక్కడ దూరుతుంది? అంచులు గట్టిపడ్డాయి, లోపల పచ్చిగానే ఉండిపోయింది. చూడ్డానికి కుర్చీ నిక్షేపంలా ఉంది. దాని మీద మొదట కూర్చున్నది మసీదు ఇమామ్ గారు. పాపం, పెద్దమనిషి. పడ్డాడు గాని నోరు జారలేదు. లేచి, బట్టలు దులుపుకుని, "దేవుడు అందరినీ క్షమించుగాక," అని మిస్‌బాహ్ వంక చూసి మరీ వెళ్ళాడు.

ఆ జిగురు అమ్మాన్ నుంచి రాలేదనీ, బస్టాండు నుంచి వచ్చిందనీ నాకు సుందుస్ ముందే చెప్పింది. ఫోను అద్దానికీ దాని కిందున్న దానికీ మధ్య పోసేది ఇదేనట. "మీ నాన్నకి చేతికి పని దొరికితే నోటికి కాస్త తీరిక దొరుకుతుంది" అన్నాడట వద్దాహ్. ఫోనుని విప్పినట్టే మనిషిని కూడా విప్పి చూస్తాడు గామోసు ఆ కుర్రాడు. పెన్ను అయిపోయినప్పుడల్లా అమ్మాన్‌లో లేని ఫ్రెండు కొత్తది పంపేది. తండ్రి మెత్తబడ్డాడు. నేనూ ఇన్సాఫూ చెరో వైపు నుంచి నసపెట్టాం. చివరికి ఒకరోజు, "సరే, రమ్మనండి. వింటాను. వినడమే, ఇంకేం లేదు. వాళ్ళ కాఫీ చల్లారేలోగా మనసు మార్చుకునే హక్కు నాకుంది," అన్నాడు.

ఆ మాట విని వద్దాహ్ మనుషులు బ్రిగేడియర్ అబూ ఘాలిబ్‌ని పట్టుకొచ్చారు.

సైన్యంలో పెద్ద హోదా చేసి దిగినవాడు గనక అందరూ పాషా అంటారు. పిల్లనడగడానికి వెళ్ళే గుంపుకి ముందుండి మాట్లాడటానికి మా కొండ మీద ఆయన్ని మించినవాడు లేడు. ఆ గుంపు పద్ధతి మీకు తెలియదనుకోను గాని చెబుతాను. ఆడపిల్ల వారు పోసిన కాఫీని పెద్దమనిషి తాగడు, ముందు కింద పెడతాడు. వచ్చిన పని చెబుతాడు. తండ్రి "మీ కాఫీ తాగండి" అన్నాడా, పిల్లనిచ్చినట్టు. అనలేదా, కప్పు అక్కడే చల్లారిపోతుంది, వచ్చినవాళ్ళు లేచిపోతారు. పాషా ఇంతవరకూ కాఫీ తాగకుండా లేచింది లేదు. లేచాడంటే మాత్రం ఆ గుమ్మం ముందు ఆయన బండి మళ్ళీ ఆగదు. ఆయన లేచిన ఇంటికి వద్దాహ్ వంశంలో ఇంకో మగవాడు రాడు.

"అత్తా, ఇదొక్కటే సారి," అంది సుందుస్ ఆ ముందురోజు నా వాటాలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ. "ఆయన కాఫీ తాగితే అతను. తాగకపోతే నాన్న చూసిపెట్టిన ఇర్బిద్ ఇంజనీరు."

"ఆ ఇంజనీరు ఎలా ఉంటాడు?"

"ఇంజనీరులా ఉంటాడు."

పాపం అనిపించింది.

పెద్దమనుషులు వచ్చే రోజు వచ్చింది. ఆ రోజు ఉదయం జరిగింది నాకు తరవాత ఒక్కొక్కరి నోటి నుంచీ ముక్క ముక్కగా తెలిసింది. అతికించి చెబుతున్నాను.

ముందుగదిలో ఒక బల్ల ఉంది. ఇత్తడి కాళ్ళు, పైన మందపాటి అద్దం. అద్దం ఊరికే పరిచి ఉంటుంది, బిగింపేమీ లేదు. ఇన్సాఫ్ ప్రతి గురువారం ఒక పక్క తను, ఒక పక్క సుందుస్ పట్టుకుని దాన్ని ఎత్తి బాల్కనీలోకి తీసుకుపోయి కడుగుతుంది. ఎప్పుడో ఏలకులు దంచుతుంటే ఎగిరిన రోకలి పడి, ఆ అద్దం మీద ఒక చోట చుక్కలా చిన్న గుంట పడింది. ఇన్నేళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు పొద్దున మిస్‌బాహ్‌కి కనపడింది. పాషా కూర్చునే కుర్చీకి సరిగ్గా ముందు.

వాడు ఆ గుంట నిండా జిగురు పోశాడు. నిండిన తరవాత కూడా పోశాడు. పైకి వచ్చినది తరవాత గీకేయొచ్చనుకున్నాడు. ఊదా దీపం మీట నొక్కాడు. వెలగలేదు. బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. పోనీ ఎండ ఉందిగా అని పడమటి కిటికీ తెర బారుగా తీసిపెట్టి, మధ్యాహ్నం ఎండ వచ్చి దాని పని అది చేసుకుంటుందని, గడ్డం గీసుకోవడానికి పోయాడు.

ఇన్సాఫ్ వచ్చింది. తెర తీసి ఉంది. ఎదురింటి ఉమ్మ్ జుహ్దీ బాల్కనీ ఆ కిటికీకి ఎదురుగుండా ఉంటుంది. ఆ రోజు ఆవిడ తన మొగుడి లాగులన్నీ తీగ మీద వరసగా ఆరేసింది.

"పెద్దమనుషులు మా అమ్మాయిని అడగటానికొస్తున్నారు, మీ ఆయన లాగులు లెక్కపెట్టడానికి కాదు," అని తనలో తను అనుకుని, రెండు తెరలూ దగ్గరగా లాగి, మధ్యలో పిన్నీసు కూడా పెట్టింది.

జిగురు చీకట్లో తేనెలా అలాగే ఉండిపోయింది. నీళ్ళకంటే తేటగా ఉంటుంది గనక ఎవరి కంటా పడలేదు.

సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక బళ్ళు వచ్చాయి. ముందుగది నిండిపోయింది, మిగిలినవాళ్ళు వరండాలో, మెట్ల మీద. ఆడవాళ్ళం లోపలి తలుపు వెనక. తలుపు సందు దగ్గర చోటు నాది, వయసుని బట్టి. నా భుజం మీద గడ్డం ఆనించి సుందుస్. వంటింట్లో చీజ్ పెట్టి చేసిన మిఠాయి, కునాఫా, పళ్ళాల్లో వేడి వేడిగా సిద్ధంగా ఉంది. కాఫీ తాగిన వెంటనే కొయ్యాలి. ఇన్సాఫ్ గొంతు సవరించుకుని, మంచిమాట వినపడగానే, శుభానికి మా ఆడవాళ్ళు చేసినట్టు, నాలుక ఆడించి కేరడానికి సిద్ధంగా నుంచుంది.

పాషా నిటారుగా కూర్చున్నాడు. ఆయన ఎక్కడైనా నిటారుగానే కూర్చుంటాడు. దేవుడి ముందు తప్ప మెడ వంచలేదని ఆయనే చెప్పుకుంటాడు. జీపు బోల్తా పడినప్పటి నుంచీ మెడ వంగదని ఇన్సాఫ్ అంటుంది. ఏదైనా చూడటానికి ఒకటే. నా కొడుకు ఖుతైబా కూజా పట్టుకుని అందరికీ పోస్తూ వచ్చి, పాషా ముందు పిడిలేని ఆ చిన్న తెల్ల కప్పు పెట్టాడు. ఎక్కడ పెట్టాడు? పాషాకి చెయ్యి అందేచోట. గుంట ఉన్నచోట.

గదిలో మనుషుల ఊపిరి, పొగ, తలగుడ్డల అత్తరు. పాషా గొంతు సవరించుకున్నాడు. చుట్టూ చూశాడు.

"ఏంటీ చీకటి? తెర తియ్యండి. పెళ్ళిమాట మాట్లాడ్డానికొచ్చాం, దొంగసరుకు పంచుకోడానికి కాదు."

ఎవరో పిన్నీసు పీకేశారు. ఎండ బల్ల మీద పడింది. ఎదురుగా లాగులూ కనపడ్డాయి. ఇన్సాఫ్ నా వెనక పళ్ళు కొరికింది.

పాషా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన ముందు తాతల దగ్గర్నుంచి మొదలుపెడతాడు. మా తాతలూ వాళ్ళ తాతలూ ఒకే బావి నీళ్ళు తాగారన్నాడు. ఆ బావి కోసం కొట్టుకున్నారని అనలేదు. తరవాత తన సైన్యం సంగతులకి వెళ్ళాడు, అక్కడ చాలాసేపు ఉన్నాడు. ఎడారిలో బండి ఆగిపోవటం, ఆయన దిగి తొయ్యటం. తరవాత ఆడపిల్లల గొప్పతనం, తరవాత ఫోను బాగుచెయ్యటం ఈ కాలంలో వైద్యం లాంటిదని. ఇన్నీ చెప్పేవరకూ కప్పు కదలకూడదు. అదే గదా పద్ధతి. ఇంకే దేశంలోనైనా కాఫీ పోస్తే తాగేస్తారు. ఇక్కడ మాత్రం కప్పుని ఎండలో కూర్చోబెట్టి ఉపన్యాసం వినిపిస్తాం.

"మీ పిల్ల సుందుస్‌ని మా కుర్రాడు వద్దాహ్‌కి అడుగుతున్నాం," అని చివరికి ముగించాడు. "మీ జవాబు వినేవరకూ ఈ కాఫీ ఇక్కడే ఉంటుంది."

ఆయన అన్నంత నిజం ఆ గదిలో ఇంకేదీ లేదు.

మిస్‌బాహ్ జవాబు చెప్పాలి. వాడు కావాలనే తీరిగ్గా కళ్ళద్దాలు సర్దుకున్నాడు. గోడ వారగా నుంచున్న వద్దాహ్ వైపు చూశాడు. ఆ కుర్రాడి మెడ మీద చెమట నాకు తలుపు సందులోంచే కనపడుతోంది. సుందుస్ వేళ్ళు నా భుజంలో గుచ్చుకున్నాయి.

"పాషా," అన్నాడు మిస్‌బాహ్, "మీరు మా ఇంటికి రావటమే గొప్ప. మీరడిగింది ఇచ్చాను. మీ కాఫీ తాగండి."

ఇన్సాఫ్ కేరటం మొదలుపెట్టింది. వీధి చివరి కుక్కలు కూడా లేచి ఉంటాయి. పాషా నవ్వి, చెయ్యి చాపి, రెండు వేళ్ళతో కప్పు పట్టుకున్నాడు.

రాలేదు.

మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. రాలేదు. ఇంకొంచెం లాగాడు. బల్ల కాళ్ళు గలగలలాడాయి. ఇన్సాఫ్ కేక సగంలో గొంతులోకి దిగిపోయింది.

పాషా కప్పు వంక చూశాడు, కళ్ళు మాత్రం దించి. తరవాత మిస్‌బాహ్ వంక చూశాడు.

"ఏమిటిది?"

"కప్పు, పాషా."

"అది నాకూ కనపడుతోంది. ఎందుకు రావట్లేదు? నోటితో ఇచ్చి చేత్తో పట్టుకున్నావా?"

"అల్లా మీద ఒట్టు, పాషా, నేనేం…"

"వినటమే, ఇంకేం లేదు అన్నావట గదా. ఊరంతా చెప్పుకుంటున్నారు. మనసు మార్చుకునే హక్కుందన్నావట. ఇట్లానా మార్చుకునేది? గుంపుని పిలిచి, కప్పుకి మేకు కొట్టించి?"

వచ్చినవాళ్ళలో ఒకాయన తలగుడ్డ సర్దుకున్నాడు. "లేద్దాం, పాషా. ఇంతకంటే ఏం కావాలి."

"అత్తా," అని సుందుస్ నా చెవిలో. "లేచాడా?"

"ఇంకా పూర్తిగా లేవలేదు. ఒక పిర్ర లేచింది."

మిస్‌బాహ్ మోకాళ్ళ మీద కూలబడి, అద్దం కిందకి తల పెట్టి పైకి చూశాడు. వాడి ముఖం తెల్లబోయింది. వాడికి అర్థమైంది. బ్రిగేడియర్ పాషా కాఫీని, తన కూతురి పెళ్ళిని, తన చేతులతో తనే బల్లకి అతికించానని అంతమంది మగాళ్ళ ముందు చెప్పాలంటే ఎవడికైనా కాస్త టైము పడుతుంది.

ఈలోగా వద్దాహ్ వచ్చి వాడి పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోరుతో కప్పు అడుగు చుట్టూ గీశాడు. నాకైతే వాళ్ళిద్దరూ బండి కింద దూరిన మెకానిక్కుల్లా కనపడ్డారు.

"మామా," అన్నాడు. పెళ్ళిమాట ఖాయం చేసే ఫాతిహా ఇంకా చదవకుండానే మామా అనేశాడు. "లైటు పెట్టలేదా?"

"బ్యాటరీ అయిపోయింది."

"ఎంత పోశారు?"

"గుంట నిండా."

"గుంట నిండా పొయ్యకూడదు, మామా. కొంచెం పోసి లైటు, మళ్ళీ కొంచెం పోసి లైటు. పొరలు పొరలుగా వెయ్యాలని సుందుస్‌కి చెప్పి పంపాను గదా."

అన్నాక తెలిసింది అతనికి ఏమన్నాడో. గదిలో అందరికీ తెలిసింది. నా భుజం మీద గడ్డం మాయమైంది. వెనక్కి తిరిగి చూస్తే సుందుస్ రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని గోడకి జారబడి ఉంది.

"సుందుస్‌కి చెప్పి పంపావా," అన్నాడు మిస్‌బాహ్.

వద్దాహ్ కప్పు అడుగు వంకే చూస్తున్నాడు.

"అమ్మాన్ ఫ్రెండువి నువ్వేనా?"

"నేనే, మామా."

"అన్ని పెన్నులూ?"

"అన్నీ."

తలుపు ఇవతల నేను మా తమ్ముణ్ణి చూస్తున్నాను. వాడు పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. వాడికి కోపం వచ్చే ముందు చెవులు ఎర్రబడతాయి. చెవులు ఎర్రబడ్డాయి. సుందుస్‌ని పాషా ముంచకపోయినా వాళ్ళ నాన్న ముంచేలా ఉన్నాడు. వాడు కళ్ళద్దాలు తీశాడు. కాడ దగ్గర తను వేసిన అతుకు వంక చూశాడు. వేలితో తడిమాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"మరి చెక్కకి ఎందుకు పట్టలేదు?"

"చెక్కలోంచి వెలుగు పోదు, మామా. అద్దానికి, పల్చటి పింగాణీకి, తేటగా ఉండే ప్లాస్టిక్‌కి అయితేనే."

"ఆ ముక్క ఇమామ్ గారు కూర్చోకముందు చెప్పాలా, వద్దా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇమామ్ గారు కూడా గుంపులోనే ఉన్నాడు. ఆయన గడ్డం కదిలింది గాని నవ్వో దగ్గో చెప్పలేను. పాషా మాత్రం నవ్వలేదు.

"మీ జిగురు ముచ్చట్లు తర్వాత చెప్పుకుందురు. నా కాఫీ సంగతేంటి?"

"వేడి చేసి, సన్నటి తీగ పెట్టి కొయ్యొచ్చు, పాషా," అన్నాడు వద్దాహ్. "కాస్త టైము పడుతుంది. కాఫీ ఒలికిపోవచ్చు."

"ఒలికిన కాఫీ ఏం కాఫీ?"

"ఇంకో కప్పు పోస్తాను, పాషా," అన్నాడు ఖుతైబా.

"నేను కింద పెట్టింది ఈ కప్పు. ఇంకో కప్పు తాగితే ఇంకో పిల్లనడిగినట్టు."

ఖుతైబా వంటింట్లోకి పరిగెత్తి, పిల్లలు జ్యూసు తాగే గొట్టం ఒకటి పట్టుకొచ్చాడు. గులాబీ రంగుది, మధ్యలో వంకీ కూడా ఉంది. నా కడుపున పుట్టినవాడే, ఏం చెప్పను. పాషా దాని వంక చూసిన చూపుకి అది ఇంకా వంకరపోయింది.

"పాషా," అన్నాడు ఇమామ్ గారు మెల్లగా, "మీరే కొంచెం వంగి ఒక్క గుటక…"

"తొట్టి దగ్గర గొర్రెలాగానా? నేను వంగను."

అని రెండో పిర్ర కూడా లేపాడు. ఆయన లేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళూ లేస్తున్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. మిస్‌బాహ్ నేల మీద నుంచే రెండు చేతులూ చాపి, "పాషా, కూర్చోండి, పాషా," అంటున్నాడు. సుందుస్ ఏడవటం లేదు. అది నన్ను ఏడుపు కంటే ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు ఇక ఆగలేక తలుపు సందులోంచే గొంతెత్తాను. మగాళ్ళ మధ్యలోకి మాట విసరకూడదంటారు. మా ఆయన పోయాక ఆ రూలు నాకెవరూ గుర్తుచెయ్యలేదు.

"ఒరే మిస్‌బాహ్. నీ పెళ్ళాం ప్రతి వారం ఆ అద్దం ఎత్తి కడుగుతుంది. ఇద్దరాడాళ్ళు ఎత్తేదాన్ని గది నిండా ఉన్న మగాళ్ళు ఎత్తలేరా? పాషా వంగక్కర్లేదు. బల్లే లేస్తుంది."

అందరూ తలుపు వైపు చూశారు. తరవాత అద్దం వైపు చూశారు. పాషా సగం లేచినవాడు అలాగే ఆగాడు. ఆ మాట ఆయనకి నచ్చింది. బల్ల తన కోసం లేవటం సైన్యంలో కూడా జరిగుండదు.

"ఎత్తండి," అని కూర్చున్నాడు.

మిస్‌బాహ్ ఒక అంచు, వద్దాహ్ ఎదుటి అంచు పట్టుకున్నారు. ఖుతైబా, ఇంకొకాయన పక్కల పట్టుకున్నారు. అద్దం ఇత్తడి కాళ్ళ మీద నుంచి లేచింది. దాని మీద చల్లారిన కాఫీతో ఆ తెల్లటి కప్పు, దర్గా మీద గుమ్మటంలా నిలబడి ఉంది. మెల్లగా పాషా మీసాల దాకా తెచ్చారు.

"మీ వైపు కొంచెం పైకెత్తండి, మామా."

"నాకు చెప్పకు. నువ్వు దించు."

"నేను దించితే ఆయన ఒళ్ళోకి పోతుంది. మీరే ఎత్తాలి."

"ఎత్తాను. చాలా?"

"ఇంకొంచెం. ఆపండి. ఆపండి, మామా."

"అద్దం దించాక నీ సంగతి చెప్తాను."

"చెబుదురు గాని, ఇప్పుడు మాత్రం వణక్కండి."

పాషా పెదవులు ముందుకు చాచాడు. మెడ వెంట్రుకవాసి వంగలేదు. పేలాలు వేగినట్టు చిన్న చప్పుడుతో కాఫీ లోపలికి వెళ్ళింది. ఒక్క చుక్క మాత్రం మీసం కొసన ఆగి, ఆలోచించి, కోటు మీద పతకాల పక్కన పడింది. ఆయన చేత్తో నోరు తుడుచుకున్నాడు.

"చల్లారింది," అన్నాడు. "అయినా ఏలకులు బాగా పడ్డాయి. ఫాతిహా చదవండి."

అందరూ చేతులు ఎత్తి ఫాతిహా అందుకున్నారు. అద్దం మోస్తున్న నలుగురికీ ఎత్తటానికి చేతులు ఖాళీ లేవు. మిస్‌బాహూ వద్దాహూ అద్దానికి చెరో వైపు నుంచుని, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటూ, పెదవులు మాత్రం కదిలించారు. అయ్యాక ఇన్సాఫ్ ఇందాక మింగిన సగం కేకని, దాచుకున్న కొత్తదాన్ని కలిపి వదిలింది. ఉమ్మ్ జుహ్దీ బాల్కనీలోకి పరిగెత్తుకొచ్చి, సంగతి చూసి, హడావిడిగా లాగులు లోపలికి లాక్కుంది. సుందుస్ నా మెడ పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

కునాఫా కూడా చల్లారిపోయింది. లోపలి చీజ్ చెప్పు అట్టలా తయారైంది. అయినా ఎవరూ నోరెత్తలేదు. ఆ రోజు ఆ ఇంట్లో గట్టిపడ్డ వస్తువు గురించి మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు.

అద్దం దించాక మిస్‌బాహ్ చెబుతానన్న సంగతి ఏమిటో మర్నాడు తెలిసింది. పొద్దున్నే వద్దాహ్ వేడిగాలి మిషను, సన్నటి తీగ పట్టుకుని వచ్చాడు, కప్పు ఊడదీస్తానని. మా తమ్ముడు బల్లకి అడ్డంగా నుంచున్నాడు.

"ముట్టుకోకు. ఎంత గట్టిగా పట్టిందో చూడు. పాషా లాగినా రాలేదు. ఇంత అతుకు నువ్వు ఎప్పుడన్నా వేశావా?"

వద్దాహ్ వంగి చూశాడు. "లేదు, మామా."

"అబద్ధమాడకు."

"నిజంగా లేదు. ఎండకి పట్టినట్టు దీపానికి పట్టదు."

మిస్‌బాహ్ ముఖం వెలిగింది. "సరే. నీ కొట్లో దీపాలెన్ని ఉన్నాయో చూపించు పద."

ఆ రోజు బస్టాండుకి వెళ్ళినవాడు సాయంత్రానికి గాని రాలేదు. మర్నాడూ అంతే. ఇప్పుడు ఆ కోళ్ళగూట్లో ఇద్దరికీ చెరో ముక్కాలిపీట. ఫోను తెచ్చినవాళ్ళకి ఇది ఎందుకు పగిలింది, నిన్న ఎక్కడ పెట్టావు, అట్లా ఎందుకు పెట్టావు అని మా తమ్ముడు ముందుగా ప్రశ్నలు వేస్తాడట. అద్దం మాత్రం అల్లుడు అతికిస్తాడట. కప్పు ఇంకా బల్ల మీదే ఉంది. ఇన్సాఫ్ గురువారాలు అద్దంతో పాటు దాన్నీ కడిగి తెస్తుంది. తెలియని చుట్టాలెవరన్నా వస్తే దాన్ని ఎత్తబోయి సిగ్గుపడతారు.

మొన్న ఇన్సాఫ్ మెట్లు దిగొచ్చింది. చేతిలో అల్లిక, ముఖంలో నిద్ర తీరిన కళ.

"ఏమైందే, న్యాయం కావాలా?" అన్నాను.

"వద్దు, వదినా. అల్లుడు పొద్దున్నే తీసుకెళ్తున్నాడు. సాయంత్రం ఇంటి దగ్గర వదిలేస్తున్నాడు."

"మరి జీతం?"

"నేనడిగానా," అని అల్లిక విప్పుకుంది.